సన్‌మైకా కింద పిట్ట

నందిగామ,
12 జూలై 1981.

అక్కయ్యకు ప్రమీలారాణి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఎవరు రాశారా అని మీరు వెనక్కి తిప్పి పేరు చూసుకునే ఉంటారు. నేనేనండి, మీ తోడికోడల్ని. కాపురానికి వచ్చి ఇన్నేళ్లయినా మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. మనం ఎదురుపడింది రెండే రెండు పెళ్లిళ్లలో. అక్కడ కూడా అన్నదమ్ములు చెరో మూల కూర్చుంటే మనం వాళ్ల వెనకాల చెరో మూలా సర్దుకున్నాం. మైలవరం పెళ్లిలో మాత్రం మీరు నా వెనకగా వచ్చి, జారిపోతున్న నా జడలోని పూలు సర్ది, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయారు. ఆ చెయ్యి గుర్తుంది కనుకే ఇవాళ ధైర్యం చేశాను. నేను రాస్తున్నట్టు మీ మరిదికి తెలియదు. మీరూ బావగారికి చెప్పకండి.

సంగతేమిటంటే, మా ఇంట్లో అన్నాల బల్ల ఒకటుంది. నేను వచ్చేసరికే ఉంది. పొడుగ్గా, సన్నగా, విపరీతమైన మందంతో, పైన ఆకుపచ్చ సన్‌మైకాతో ఉంటుంది. నలుగురు పడితే గాని కదలదు. ఇంత సన్న బల్ల ఎందుకు చేయించారని కొత్తలో అడిగితే, ఉన్న చెక్కతో చేయించానని ఊరుకున్నారు. ఎరువుల కొట్టు నుంచి వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుని అన్నం తినడమే గాని, ఈయన దాని ఊసు ఎత్తరు.

మొన్న పులుసు గిన్నె పొయ్యి మీంచి దించి తిన్నగా దాని మీద పెట్టేశాను. బుద్ధి లేని పనే. గిన్నె తీసేసరికి సన్‌మైకా అప్పడంలా పొంగి ఉంది. పొంగిన చోట గోరు పెట్టి లేపితే ఒక పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద రంపపు పొట్టు కలిపి మెత్తిన జిగురు, కొమ్ములాగా బిగిసిపోయి ఉంది. ఆ జిగురు సందులోంచి ఒక కన్ను నన్ను చూస్తోంది.

అక్కయ్యా, గరిటె అక్కడే పడేశాను. కత్తి తెచ్చి చుట్టూ గీకాను. పిట్ట తల. చెక్కలోకి లోతుగా చెక్కిన పిట్ట. నోరు బార్లా తెరుచుకుని ఉంది. ఆ నోటి నిండా కూడా జిగురే కుక్కి ఉంది. ఇంకా గీకితే చెక్క లేచిపోతుందేమోనని ఆగాను. పైన రబ్బరు గుడ్డ పరిచేశాను గనుక ఈయన కంట ఇంకా పడలేదు.

ఈ చెక్క ఎక్కడిది? ఈ పిట్టేమిటి? కోర్టు వెనకున్న స్థలంలో మా కొత్తిల్లు మొదలైంది, పునాదులు పైకి లేచాయి. ఆ హడావిడిలో ఈయనకి తిండి ధ్యాసే లేదు, బల్ల ధ్యాస అసలు లేదు. మీకు తెలిస్తే రాయండి. మా ఇంటికి ఉత్తరాలు పగలు వస్తాయి, అప్పుడు నేనొక్కదాన్నే ఉంటాను.

మీ చెల్లెలు,
ప్రమీల


జగ్గయ్యపేట,
2 ఆగస్టు.

చి.ల.సౌ. ప్రమీలకు పున్నమ్మ ఆశీస్సులు.

కాల్చలేదన్నమాట.

నీ ఉత్తరం చదివి మొదట నేననుకున్న మాట అదే, అందుకే మొదట అదే రాశాను. మీ ఆయన ఆ చెక్కని చీల్చి పొయ్యిలో పెట్టాడని ఇక్కడ చెప్పుకున్నారు. మిరపకాయల లారీ మీద నందిగామ వెళ్లొచ్చిన వాళ్లెవరో మోసుకొచ్చారు ఆ కబురు. అది విన్న రోజు మీ బావగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ తర్వాత ఈ ఇంట్లో తమ్ముడు తిరుపతి పేరు వినపడలేదు. కాల్చలేదు సరికదా రోజూ దాని మీదే అన్నం తింటున్నాడు! 

ముందు ఆ కత్తి తీసుకెళ్లి వంటింట్లో పెట్టు. ఇనుము తగలనివ్వకు. ఇస్త్రీపెట్టె వేడి చేసి, తడిగుడ్డ పరిచి దాని మీద అద్దుతూ పో, సన్‌మైకా దానంతటదే లేస్తుంది. కింద జిగురు మీద వేడినీళ్లలో పిండిన గుడ్డ కప్పి వదిలెయ్. నువ్వు వంట చేసుకో. మెత్తబడ్డాక వెదురు బద్దతోనో తాటాకు ఈనెతోనో తియ్యి. సందుల్లో మిగిలిన మరకకి చింతపండు రసం వేడిగా రాసి కడుగు. కిరసనాయిలు పోస్తావేమో, పోయకు, వాసన తప్ప ఏమీ రాదు. ఒక్క రోజులో అయిపోవాలని కూర్చోకు. నువ్వు హడావిడి మనిషివని నీ అక్షరాలే చెబుతున్నాయి.

ఇక ఆ చెక్క సంగతి. అది మా వీధి తలుపు. మా ఇంటి గుమ్మానికి రెండు రెక్కల టేకు తలుపుండేది. మామగారు దశరథరామయ్య గారు చేయించింది. నేను కొత్త కోడలిగా వచ్చి మొదట పసుపు రాసిన గుమ్మం అదే. ఎరువుల కొట్టు పెట్టుకోవడానికి తిరుపతి పాలేటి ఒడ్డు పొలం అమ్ముతానన్నాడు. మీ బావగారికి పొలం అమ్మడమంటే చెయ్యి కోసినట్టు. మాటా మాటా పెరిగింది. పెద్దమనుషులు వచ్చి పంచారు, ఇల్లు మాకు వచ్చింది. బండెక్కబోతూ తిరుపతి, "ఈ ఇంట్లో నాకేం లేదు సరే, ఆ తలుపులో కూడా లేదా?" అన్నాడు. మీ బావగారు లోపలికెళ్లి, మడతబందులు ఊడదీసి, ఒక రెక్క తనే ఎత్తి బండిలో వేశారు. ఇస్తే వద్దంటాడని ఈయన, నిజంగా ఊడదియ్యడని తిరుపతి. ఇద్దరూ ఇద్దరే. ఎవడైనా తలుపు పంచుకుంటాడా!

నీ దగ్గరున్నది ఆ రెక్క. మా దగ్గరున్నది బాగానే ఉంది. పిట్ట సంగతి నీకు పూర్తిగా కనబడ్డాక రాస్తాను. కార్డు మీద మాత్రం ఎప్పుడూ రాయకు, ఇక్కడ పోస్టుమాన్ చదివాకే మాకు ఇస్తాడు.

మీ అక్క,
పున్నమ్మ


నందిగామ,
20 సెప్టెంబరు.

అక్కయ్యకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. నిజంగా నిదానంగా చేస్తున్నాను, నవ్వకండి. ఈయన కొట్టుకి వెళ్లగానే రబ్బరు గుడ్డ తీస్తాను, వచ్చే వేళకి తుడిచి పరిచేస్తాను. ఇంతకుముందు మధ్యాహ్నాలు నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఎప్పుడు తెల్లవారుతుందా, ఎప్పుడు ఈయన బయల్దేరతారా అని ఎదురుచూస్తున్నాను.

సన్‌మైకా మొత్తం లేచింది. జిగురు మాత్రం నా దుంప తెంచింది. పసుప్పచ్చగా, గోరు దిగనంత గట్టిగా ఉండేది వేడి గుడ్డ కింద మెల్లగా పాలలాగా తెల్లబడుతుంది. అప్పుడు ఈనెతో తీస్తే మీగడలా వస్తుంది. ఆలస్యమైతే మళ్లీ బిగిసిపోతుంది. రోజుకి అరచేతి మేర కూడా సాగదు. నా వేళ్లు ముడతలు పడిపోయాయి.

అయితేనేం అక్కయ్యా, ఆ అరచేతి మేరలో ఏం కనిపించిందో చెబుతాను. మొదట చెక్క రంగు. తడి తగలగానే తేనె పోసినట్టయింది. వాసన వచ్చింది, ఇప్పుడే కోసిన టేకు వాసన. ఇన్నేళ్లు జిగురు కింద ఊపిరాడకుండా పడి ఉన్నది ఆ వాసన ఎక్కడ దాచుకుందో! తర్వాత ఆకులు. అడుగునుంచి ఒక తీగ పైకి పాకింది. ఆకు ఆకుకీ ఈనెలున్నాయి, ఏ రెండాకులూ ఒక్కలా లేవు. ఒక ఆకుని పురుగు కొట్టేసినట్టు అంచు కొరికి ఉంది, నేనే కత్తితో పాడు చేశాననుకుని ఏడిచినంత పని చేశాను. కాదు, చెక్కిన వాడే కొరికినట్టు చెక్కాడు.

నిన్న ఆ తీగ మొదట్లో, కింద మూల, గుడ్డ తీస్తే చీమ కనిపించింది. చెక్క చీమ. నడుం ఉంది దానికి. కాళ్లున్నాయి. తలుపుగా ఉన్నప్పుడు అది నేలకి జానెడు ఎత్తులో ఉండి ఉంటుంది. ఎవరు వంగి చూస్తారని చెక్కాడు ఆయన? నేను ఈనె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించేశాను. ఎవరికి దణ్ణం పెట్టానో నాకే తెలియదు.

ఇల్లు కడుతున్న వడ్రంగి స్తెఫను కూలి డబ్బులకి వచ్చి చూశాడు. ఆ బల్ల చేసింది తనేనట. వెనకవైపు అద్దంలా చదునుగా ఉంది కదా, తిరగేసి సన్‌మైకా అంటిద్దాం, పొట్టూ జిగురూ మిగులుతాయని అప్పట్లో చెప్పాడట. ఈయన వినలేదట. పిట్టని బోర్లా పడుకోబెట్టి దాని మీద అన్నం తినమంటావా అన్నారట. ఆ సందులన్నీ స్తెఫను పూడ్చాడు గాని, పిట్ట నోరు మాత్రం ఈయనే స్వయంగా పూడ్చారట. స్తెఫనుకి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

ఇప్పుడు పిట్ట మొత్తం బయటపడింది. ఇంకా రెక్కలు రాని పిల్ల. తీగ మీద కూర్చుని, మెడ సాచి, చెక్క అంచు వైపు నోరు తెరిచింది. ఆ అంచు అవతల ఏమీ లేదు. ఎవరికోసం అక్కయ్యా? నోట్లో జిగురు ముద్ద ఒక్కటే రావడం లేదు. అందులో ఏం కలిపారో, ఎన్ని గుడ్డలు కప్పినా మెత్తబడదు.

మీ చెల్లెలు,
ప్రమీల


జగ్గయ్యపేట,
11 అక్టోబరు.

ప్రమీలకు ఆశీస్సులు.

చీమ సంగతి నాకు తెలియదే! ఆ గుమ్మం ముందు నేను వేసిన ముగ్గులకి లెక్కలేదు. వంగి వంగి నా నడుం పడిపోయింది గాని ఆ చీమని ఒక్కనాడూ చూడలేదు. నువ్వు నందిగామలో కూర్చుని మా గుమ్మం నాకు చూపిస్తున్నావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి బియ్యం డబ్బాలో దాచాను.

పిట్ట ఎవరికోసం నోరు తెరిచిందో చెబుతాను. మా అత్తగారు పోయేనాటికి మీ ఆయన పాకే పిల్లాడు. మీ బావగారు మీసం మొలవని కుర్రాడు. మామగారికి పొలం తప్ప ఇంకో ధ్యాస లేదు. తిరుపతి ఎవరు పెట్టినా తినేవాడు కాదట, అన్న పెడితేనే. ఆ ఏడే మామగారు తలుపు చేయించడానికి రెడ్డిగూడెం నుంచి ఇశ్రాయేలు అనే పనివాణ్ణి పిలిపించారు. ఆయన గుమ్మం పక్కన వాకిట్లోనే కూర్చుని చెక్కేవాడట. పూర్ణకుంభం పెట్టమని మామగారు చెప్పారు, సరే అన్నాడట. తీరా తలుపు నిలబెట్టాక చూస్తే కుంభం లేదు. రెండు రెక్కల మీదా తీగ. ఒక రెక్క మీద పెద్ద పిట్ట, ముక్కున గింజ. రెండో రెక్క మీద నోరు తెరిచిన పిల్ల. తలుపు తీస్తే రెండూ విడిపోతాయి, మూస్తే గింజ వెళ్లి పిల్ల నోట్లో కూర్చుంటుంది. ఇదేమిటయ్యా నేను చెప్పిందేమిటి అని మామగారు అడిగితే, "ఈ గడప మీద రోజూ నేను చూసింది ఇదేనండి" అన్నాడట. అప్పుడు మామగారు గడప వైపు తిరిగి చూస్తే, పెద్ద కొడుకు చిన్నవాణ్ణి ఒళ్లో పెట్టుకుని అన్నం పెడుతున్నాడట. తలుపు అలాగే ఉంచేశారట ఆయన. ఈ మాట నాకు మామగారే చెప్పారు, కళ్లు తుడుచుకుంటూ చెప్పారు.

నేను కాపురానికి వచ్చాక కూడా తిరుపతి ఎదిగినవాడై ఉండీ, పరీక్షలకి వెళ్లే రోజున అన్న చేతి ముద్ద తిని, తలుపు దగ్గరకి లాగి, గింజ టక్కున కూర్చున్నాక గాని కదిలేవాడు కాదు.

ఇప్పుడు నీకు దాచిన మాట చెబుతాను. మా రెక్క బాగానే ఉందని రాశాను. బాగుందో లేదో నేను చూసి ఏళ్లయింది. మీ రెక్క పోయాక పక్కన కొత్త రెక్క పెట్టించబోయారు. పెద్ద పిట్ట ముక్కున గింజ ఉందన్నానా, అది చెక్క అంచు దాటి బయటికి వస్తుంది. పిల్ల నోట్లో కూర్చోవడానికి అలా చెక్కాడు. పక్క రెక్కకి నోరు లేకపోతే ఆ గింజ అడ్డం పడి తలుపు పడదు. వడ్రంగి చిత్రిక పట్టి గింజ తీసేస్తానన్నాడు. మీ బావగారు వాణ్ణి వాకిట్లోంచి పంపేశారు. ఆ రోజే పశువుల తోలు ఉడికించి తీసే వజ్రం అనే జిగురు తెచ్చి, వీధిలో పొయ్యి పెట్టి తనే కాచి, గోనె గుడ్డలు ముంచి ముంచి ఆ రెక్క మీద వరసలు వరసలుగా అంటించేశారు. పేటంతా ఆ కంపు. ఎందుకని నేను అడగలేదు. అడగక్కర్లేదుగా. గింజ పట్టుకుని ఎదురుచూసే పిట్టని రోజూ వస్తూ పోతూ ఎవరు చూడగలరు?

అప్పట్నుంచి మా గుమ్మానికి ఒక పక్క గోనె కప్పిన రెక్క, ఇంకో పక్క తడిక. లోభిముండావాడు తలుపు కూడా పెట్టించుకోడని ఊళ్లో అంటారు. అన్నవి నీ చెవిన కూడా పడే ఉంటాయి.

ఇవేమీ మీ ఆయనకి చెప్పకు. ఆయన నోటితో ఇంక అక్కర్లేదు అనే మాట వచ్చిందంటే తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. అనకుండా ఉన్నంత కాలం ఆశ ఉంటుంది.

పున్నమ్మ


నందిగామ,
17 జనవరి 1982.

అక్కయ్యకు నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకండి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఈయన మొహం చూస్తే నాకు దుఃఖం ఆగడం లేదు. కళ్లలో నలక పడిందని అబద్ధం చెబుతున్నాను. ఇద్దరూ ఒకటే పని చేశారు చూడండి. ఇక్కడ జిగురు, అక్కడ వజ్రం. ఒకరికొకరు తెలియకుండా, ఒకే బాధకి ఒకే మందు రాసుకున్నారు.

నా గుట్టు కూడా బయటపడింది. ఆ రోజు ఈయనకి ఒంట్లో బాగాలేక కొట్టు నుంచి పెందలాడే వచ్చేశారు. నేను పెరట్లో ఉన్నాను. వచ్చి చూసేసరికి రబ్బరు గుడ్డ లేని బల్ల ముందు నిలబడి ఉన్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. తీగ మీద వేలు పెట్టి అడుగునుంచి పైదాకా వెళ్లారు. చీమ దగ్గర ఆగలేదు, అది అక్కడుందని ఆయనకి ముందే తెలుసు. పిల్లవాడిగా పాకినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? చివరికి పిట్ట దగ్గర ఆగారు. నోట్లోది ఒక్కటే రావడం లేదండీ అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"దాన్ని ఉండనీ. తీసి ఏం పెడతావు దానికి?" అన్నారు.

ఆ తర్వాత కంచం తీసుకుని కింద కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆ బల్ల మీద తినడం లేదు, నేలమీదే తింటున్నారు. బల్ల మీద మళ్లీ గుడ్డ పరచబోతే వద్దన్నారు.

ఇక అసలు విషయం. వచ్చే నెల మాఘమాసంలో కొత్తింటి గుమ్మం ఎత్తడానికి ముహూర్తం పెట్టారు. స్తెఫను నా దగ్గరికొచ్చి గొడవ పెట్టాడు. అయ్యగారు వీధి గుమ్మానికి చెప్పిన కొలత ఇప్పుడెవరూ పెట్టరమ్మా, ఎడ్లబండి పడుతుంది, గోడ కొలతంతా మారిపోతుంది, మీరైనా చెప్పండి అన్నాడు. ఈయన్ని అడిగితే మొదటిసారి విననట్టు ఊరుకున్నారు. రెండోసారి, నేను చెప్పిన కొలతే అని విసుక్కున్నారు. ఆ కొలత ఎక్కడా రాసుకోలేదట, నోటి మీదే చెప్పారట.

నాకెందుకో ఒక అనుమానం వచ్చింది. స్తెఫను కోసి పెట్టిన పై కమ్మీకి నూలుదారం పట్టి, గుమ్మం లోపలి వెడల్పు ఎంతో అంత దగ్గర తెంపాను. ఆ దారం ఈ కవరులో పెట్టాను. నేను ఏమనుకుంటున్నానో రాయను. మీ గుమ్మానికి పట్టి చూడండి.

ప్రమీల


జగ్గయ్యపేట,
3 ఫిబ్రవరి.

ప్రమీలా,

కవరు విప్పితే దారం ఒళ్లో పడింది. ఒక కొస దొరికితే ఇంకో కొస దొరకలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి తడిక పక్కకి లాగి, ఒక కొస ఈ కమ్మీకి ఆనించి, రెండో కొస ఆ కమ్మీ దాకా లాగాను. సరిగ్గా తాకింది తల్లీ. వెంట్రుకవాసి తేడా లేదు. రెండు రెక్కల కొలత. ఇన్నేళ్లూ మా గుమ్మం కొలత తిరుపతి కడుపులో పెట్టుకున్నాడు. తన దగ్గరున్నది ఒక్క రెక్క, గుమ్మం మాత్రం రెండు రెక్కలకి కోయించాడు. అది తలుచుకుంటూ గడప మీదే కూర్చున్నాను.

వెనక మీ బావగారు నిలబడి ఉన్నారని నాకు తెలియదు. ఏం కొలుస్తున్నావు అన్నారు. దాచలేకపోయాను. తిరుపతి కట్టే ఇంటి వీధి గుమ్మం ఇంత వెడల్పట అని మాత్రం అన్నాను. ఆయన దారం నా చేతిలోంచి తీసుకుని తనూ పట్టి చూశారు. మళ్లీ పట్టి చూశారు. కాల్చేశాడన్నారుగా అన్నారు. కాల్చలేదు, రోజూ దాని మీదే అన్నం తిన్నాడు అన్నాను. ఆయన మొహం నేను ఎన్నో విధాలుగా చూశాను గాని, అలా ఎన్నడూ చూడలేదు.

నేను లేచి వెళ్లి కాగులో నీళ్లు పొయ్యి మీద పెట్టాను. మరిగాక తెచ్చి గోనె మీద పోయడం మొదలుపెట్టాను. వద్దంటారేమోనని మొహం చూడకుండా పోశాను. కాగు ఖాళీ అయి వెనక్కి తిరిగితే ఆయన రెండో కాగుతో నిలబడి ఉన్నారు.

ఇన్నేళ్ల వజ్రం నీళ్లు తగలగానే కరిగి చచ్చిన గేదె కంపు కొట్టింది. ఎదురింటి ఆరోగ్యమ్మ ముక్కు మూసుకుని వచ్చి, మేం చేసేది చూసి, తనూ చెంగు బిగించి గోనె లాగింది. వరస వెనక వరస ఊడింది. అడుగు వరస తీస్తే పిట్ట ముక్కు దగ్గర ఇంకో గుడ్డ, వేరుగా చుట్టి ఉంది. మెత్తని పాత పంచె ముక్క. వజ్రం ముక్కుకి అంటకుండా, గింజ విరగకుండా, ముందు దాన్ని చుట్టి ఆపైన గోనె వేశారన్నమాట. కోపంతో తలుపు కప్పిన మనిషి గింజని మాత్రం పసిబిడ్డలా పొదిగి పెట్టాడు. ఇంత కాలం ఒక కప్పు కింద ఉండి ఇది నాకు తెలియలేదు. గుడ్డ విప్పితే గింజ నిన్న చెక్కినట్టుంది.

ఇప్పుడు భయం చెబుతాను. ముహూర్తానికి ఆ రెక్క తీసుకుని వస్తానంటున్నారు. పిలుపు లేదు కదా అంటే, పిలవాల్సిన వాణ్ణి బండెక్కించి పంపిందే నేను అంటున్నారు. పిలవని ఇంటికి వెళ్లే మనిషి కాదు ఆయన, నీకు తెలుసు. వెళ్లిన చోట తిరుపతి మొహం తిప్పుకున్నా, మాట తూలినా, ఇక ఈ జన్మకి ఇంతే. గుమ్మానికి అడ్డం లేదు గనుక నేను ఇల్లు వదిలి రాలేను. అక్కడ నువ్వొక్కదానివే ఉంటావు. మిరపకాయల లారీ మాట్లాడారు, చిల్లకల్లు మీదుగా పొద్దున్నే వచ్చేస్తుంది. ఆయనకి మోకాలు నొప్పి, దిగేటప్పుడు ఎవరినైనా పట్టుకోమను.

పున్నమ్మ


నందిగామ,
12 ఫిబ్రవరి.

అక్కయ్యా,

ఏమైందో తెలియక మీరు అన్నం నీళ్లు ముట్టి ఉండరు. కంగారు పడకండి. నిదానంగా చదవండి.

గుమ్మం కమ్మీలు బిగించి, ఎత్తే ముందు నేల మీద వెల్లకిలా పరిచి ఉంచాడు స్తెఫను. నేను పళ్లెంలో పసుపూ కుంకుమా కలుపుతున్నాను. లారీ ఆగింది. బావగారు దిగారు, చెయ్యి ఆసరా ఇవ్వడానికి డ్రైవరున్నాడు. వెనక నుంచి దుప్పట్లో చుట్టిన రెక్క దించారు. ఈయన చూశారు. చూసిన చోటే నిలబడిపోయారు. ఇటు అడుగు వెయ్యలేదు, మొహం కూడా తిప్పుకోలేదు. బావగారూ అక్కడే ఆగిపోయారు. స్థలంలో ఉన్న కూలీలందరూ పని ఆపేశారు. 

బావగారే ముందు మాట్లాడారు. ఈయనతో కాదు, స్తెఫనుతో. గుమ్మం మూలమట్టంగా ఉందా, సరిగ్గా చూశావా అన్నారు. చూశానండి అన్నాడు వాడు. అయితే ఇది పెట్టి చూడు అని దుప్పటి విప్పారు. ఈయన కళ్లు ముందు వెతికింది పిట్ట ముక్కు వైపే. గింజ ఉంది. చిత్రిక పట్టించేశారని ఈయనతో ఎవరో అన్నారట, అందుకే ఈయన ఇన్నేళ్లూ మీ వీధి మొహం చూడలేదట. తర్వాత చెప్పారు నాతో.

ఈయన ఇంటికి వెళ్లి నలుగురు కూలీలతో బల్ల మోయించుకొచ్చారు. కాళ్లు ఊడదీయించి, పిల్ల ఉన్న రెక్కని నేల మీది గుమ్మంలో పరిచారు. పక్కన బావగారి రెక్క దించారు. కూర్చోలేదు అక్కయ్యా. పెద్ద పిట్ట గింజ పిల్ల నోటి మీద లేచి నిలబడింది. నోటి నిండా ఈయన కుక్కిన జిగురు ఉంది కదా. స్తెఫను ఉలి తీశాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే వద్దన్నారు. రెండిళ్లలోనూ ఇన్నేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

ఈయన స్వయంగా నీళ్లు కాచుకొచ్చారు. పిట్ట పక్కన నేల మీద మోకరిల్లి, వేడి గుడ్డ ఆ నోటి మీద కప్పి, అరచేత్తో అదిమి పట్టుకున్నారు. చల్లారితే మళ్లీ ముంచారు. చెయ్యి ఎర్రగా కందిపోయింది. బావగారు కాసేపు చూసి, మోకాలు నొప్పి ఏమైందో గాని, తనూ ఎదురుగా కూర్చుని గుడ్డ అందుకున్నారు. అలా ఒకరి తర్వాత ఒకరు. నేను నెలల తరబడి కప్పినా కదలని ముద్ద మెల్లగా తెల్లబడింది. ఈయన ఈనె పెట్టి కదిపితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద పిట్ట గొంతు కనిపించింది. ఎంత లోతుగా చెక్కాడో ఆ ఇశ్రాయేలు! నాలుక కూడా ఉంది లోపల.

బావగారు లేచి తన రెక్క అంచు పట్టుకుని నెమ్మదిగా దించారు. టక్కుమంది. ఆ చప్పుడు మీరు ఇదివరకు విని ఉంటారు, నేను ఇదే మొదటిసారి వినడం. తీగ ఈ చెక్క లోంచి ఆ చెక్క లోకి ఎక్కడా తెగకుండా వెళ్లింది. గీత కూడా కనపడలేదు. కూలీలు తలగుడ్డలు తీసేశారు. ఎవరూ చెప్పకుండానే తీశారు.

ఈయన చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డారు. తల ఎత్తకుండా అన్నారు.

"అన్నయ్యా, అన్నం తిందువుగాని రా."

ముహూర్తానికి బావగారే పసుపు రాసి గుమ్మం ఎత్తించారు. ఇప్పుడు ఇద్దరూ లోపల కూర్చుని ఉన్నారు. నేలమీదే.  నేను వాకిట్లో కూర్చుని ఇది రాస్తున్నాను, లోపలికి వెళితే ఏడుస్తానని.

మీ ప్రమీల


జగ్గయ్యపేట,
18 ఫిబ్రవరి.

ప్రమీలకు ఆశీస్సులు.

ఆయన ఇంకా రాలేదు. ఇంకో నాలుగు రోజులుండి వస్తానని లారీవాడితో కబురు పంపారు, ఉండనీ. మా గుమ్మానికి ఇప్పుడు ఒక్క రెక్క కూడా లేదు. ఆరోగ్యమ్మ కోళ్లు తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తున్నాయి. పక్కింటి దూడ నిన్న దేవుడి గది దాకా వెళ్లింది. తలుపు లేని ఇంట్లో ఒంటరి ఆడదాన్ని, భయం లేదా అని అందరూ అడుగుతున్నారు. ఇన్నేళ్లలో ఇంత హాయిగా నిద్రపోయింది లేదని వాళ్లకి ఏం చెప్పను. కొత్త తలుపు ఆయన వచ్చాక మామూలు వేప చెక్కతో చేయించుకుంటాం.

గృహప్రవేశానికి వస్తాను. ఆ చీమని నేను వంగి చూడాలి.

నీ ఉత్తరంలో అన్నీ రాశావు. గుమ్మం రాశావు, గింజ రాశావు, కూలీల తలగుడ్డలు కూడా రాశావు. పిలిచి అన్నం పెట్టాడన్నావు గాని, ఏం కూర వండావో, ఆయన రెండోసారి పెట్టించుకున్నారో లేదో రాయలేదు. అది రాయి.

మీ అక్క,
పున్నమ్మ